రొయ్యలు పడవా? గిట్టవా?

పంక్తిలో కూర్చున్న పిల్ల రొయ్యల కూరను త్రోసివేసినచో, పెంకితనమని గద్దించువారు కొందఱు. పడదు కాబోలునని యూరకుండువారు కొందఱు. పడకపోవుట వేఱు, గిట్టకపోవుట వేఱు.

గిట్టనివారికి నీచువాసన తగిలినంతనే, తినకమునుపే, డోకు వచ్చును. కాని యొడలిపై దద్దురులు లేవవు, ఊపిరి బిగియదు. పడనివారికో, రుచి యెంత నచ్చినను, తిన్న కొలది నిమిషములకో, సాధారణముగా రెండు గంటలలోపుననో దద్దురులు లేచును. పెదవులు, కనుఱెప్పలు వాచును. వాంతులు, పిల్లికూతలతోడి ఆయాసము కలుగవచ్చును. దీనినే వైద్యులు ఎలర్జీ యందురు. రొయ్యలలోను పీతలలోను ఉండు ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తును శరీరము శత్రువుగా నెంచుటయే దీనికి ముఖ్యకారణము. ఎంత యుడికించినను అది నశింపదు. చేపలలో ఎలర్జీ కలిగించు మాంసకృత్తు వేఱు గనుక, రొయ్యలు పడనివారందఱికిని చేపలు పడకపోవలెనని లేదు.

తెలియకుండ పెట్టి చూతమని వంకాయకూరలో రొయ్యపొట్టు కలుపుట మిక్కిలి ప్రమాదము. అనుమానమున్నచో వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. గొంతు వాచినను, ఊపిరాడకున్నను, సోలిపోవుచున్నను తక్షణము వైద్యశాలకు చేర్పవలెను. అట్టియెడ అడ్రినలిన్ సూదిమందే ప్రథమచికిత్స.

గిట్టని పిల్లను నిర్బంధింపక, ఓరిమితో అలవాటు చేయవచ్చును. పడని పిల్లకు మాత్రము ఆ కూర గరిటె తగిలిన యన్నమైనను పెట్టరాదు.