మన పెరట్లో తులసి, రుద్రజడ – పెంచే పద్ధతి

తులసి మొక్కను ఎరగని తెలుగువారు ఉండరు. మాలో కొందరి ఇళ్ళ ముందు తులసి కోట ఉంది. కొందరి ఇళ్ళలో పాత బకెట్టులోనే తులసి పెరుగుతుంది. కొందరి ఇళ్ళలో అసలు లేదు. కానీ హాస్టలు వెనుక పెరట్లో అందరం కలిసే నాటాం. రెండేళ్ళలో మేము చేసిన తప్పులు, వాటినుంచి నేర్చుకున్నవి తమ్ముళ్ళకు ఉపయోగపడతాయని ఈ వ్యాసం రాస్తున్నాం.

తులసి జాతులు

తులసి, పుదీన ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటి కాడలనూ వేళ్ళ మధ్య తిప్పి చూడండి. గుండ్రంగా ఉండవు, నాలుగు పలకలుగా ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా, జంటలుగా వస్తాయి. ఊదారంగు కాడ, ముదురు ఆకులు ఉన్నదాన్ని కృష్ణ తులసి అనీ, పచ్చగా ఉన్నదాన్ని రామ తులసి లేక లక్ష్మీ తులసి అనీ అంటాం. రెండూ ఒకే జాతి. దాని శాస్త్రీయ నామం ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. తులసి ఆకు నలిపితే లవంగం వాసన తగులుతుంది. లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థం ఇందులోనూ ఉండటమే కారణం.

రుద్రజడ దీనికి దగ్గరి చుట్టం. దీని శాస్త్రీయ నామం ఆసిమమ్ బాసిలికమ్. ఈ పేరు పెట్టినవాడు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1753లో. వేసవిలో షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. పట్నాల్లో పిజ్జా మీద వేసే 'బేసిల్' ఆకు కూడా ఈ జాతిదే. పేరు ఇంగ్లీషులో విని కొత్త మొక్క అనుకున్నాం. తీరా చూస్తే మన ఊళ్ళ గట్ల మీద కనిపించే మొక్కే.

మా మొదటి తప్పు

మొదటి ఏడాది జూలైలో పన్నెండు తులసి మొక్కలు నాటాం. నెల తిరగకముందే తొమ్మిది చచ్చిపోయాయి. ఆకులు పసుపు పచ్చగా మారి, వాడి రాలిపోయాయి. వాడినవి చూసి ఇంకా నీళ్ళు పోశాం. చివరికి ఒక మొక్కను పీకి చూస్తే వేళ్ళు నల్లబడి కుళ్ళిన వాసన వచ్చింది.

అప్పుడు లెక్క వేసుకున్నాం. ఉదయం పళ్ళు తోముకోవడానికి వచ్చిన ప్రతివాడూ మొక్క మీద ప్రేమతో ఒక చెంబు పోశాడు. సాయంత్రం ఆటల తర్వాత మళ్ళీ పోశాడు. పైగా కుళాయి పక్క గోడ నీడలో నాటాం. అక్కడ నేల ఎప్పుడూ ఆరదు. వేళ్ళకు కూడా గాలి కావాలి. మట్టిలోని సందులన్నీ నీటితో నిండిపోతే గాలి అందక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు, అందుకే తడి నేలలోనే మొక్క వాడిపోతుంది. మా మొక్కలు నీరు లేక చావలేదు, ఎక్కువై చచ్చాయి.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. నీళ్ళు పోసే పని వారానికి ఇద్దరిదే. వేలును మట్టిలో అంగుళం లోతు దించి చూడాలి. తడి తగిలితే పోయకూడదు, పొడిగా ఉంటే పోయాలి. ఉదయం పూట మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు. బియ్యం కడిగిన నీళ్ళు పనికివస్తాయి. సబ్బు నీళ్ళు పోయవద్దు.

నాటే విధానం

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. నల్లరేగడి అయితే ఇసుక పెంచాలి. పచ్చి పేడ వేస్తే వేళ్ళు మాడతాయి. కుండీలు కొననవసరం లేదు. వంటగదిలో ఖాళీ అయిన నూనె డబ్బా చాలు. అడుగున మేకుతో ఐదారు రంధ్రాలు కొట్టాలి. రేకు డబ్బా ఎండకు కాలుతుంది కనుక చుట్టూ పాత గోనెసంచి కట్టాలి.

గింజలు చాలా సన్నం. లోతుగా వేస్తే మొలవవు. పైన చల్లి, ఇసుక పలుచగా కప్పి, నీటిని చిలకరించాలి. రుద్రజడ వారం, పది రోజుల్లో మొలుస్తుంది. తులసికి రెండు వారాలు కూడా పట్టవచ్చు. నాలుగైదు ఆకులు వచ్చాక అడుగు దూరంలో నాటుకోవాలి. గింజలు లేకపోతే నాలుగంగుళాల లేత కొమ్మ కోసి, కింది ఆకులు తీసి, గ్లాసు నీటిలో ఉంచి రోజూ నీరు మార్చితే పది పదిహేను రోజుల్లో వేళ్ళు వస్తాయి.

ఈ మొక్కలకు చలి పడదు. మంచు కురిసే దేశాల్లో చలికాలం పోయేదాకా ఆగి నాటుతారు. మనకు ఆ బాధ లేదు. మన శత్రువు మే నెల ఎండ. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి కానీ, పల్నాడు ఎండల్లో మధ్యాహ్నం నీడ ఉండాలి. మొదట్లో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

తుంచితేనే పెరుగుతుంది

మొక్క ఆరంగుళాలు ఎదగగానే చివరి చిగురును ఒక ఆకుల జంటకు సరిగ్గా పైన తుంచాలి. అక్కడినుంచి రెండు కొమ్మలు వస్తాయి. మళ్ళీ తుంచితే నాలుగవుతాయి. పూల వెన్నులు రాగానే గిల్లేయాలి. పూత మొదలైతే బలం గింజలకు పోయి ఆకులు చిన్నవై, కాడ ముదురుతుంది. పిండినల్లి, పేనుబంక పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాలి.

అపోహలు

తులసి రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందని చాలామంది అంటారు. ఇది నిజం కాదు. పచ్చని మొక్క ఏదైనా వెలుతురులోనే ఆక్సిజన్ విడుదల చేస్తుంది. తులసి మొక్క ఉంటే దోమలు రావని నమ్మి ఊరుకోవద్దు. కుండీ కింద పళ్ళెంలో నీరు నిలిస్తే ఆ మొక్క దగ్గరే దోమలు పుడతాయి. జలుబుకు తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. జ్వరం వస్తే మాత్రం వార్డెన్ సారుకు చెప్పి ఆస్పత్రికి వెళ్ళాలి.

సెలవుల సమస్య

మొదటి ఏడాది బతికిన మూడు మొక్కలు వేసవి సెలవుల్లో ఎండిపోయాయి. హాస్టలుకు తాళం పడితే ఏడు వారాలపాటు నీళ్ళు పోసేవారు ఉండరు. జూన్‌లో వచ్చి చూస్తే పుల్లలే మిగిలాయి. చాలా బాధపడ్డాం.

రెండో ఏడాది ఉపాయం దొరికింది. ఫిబ్రవరి నుంచి రెండు మూడు మొక్కల వెన్నులు గిల్లకుండా వదిలేశాం. అవి గోధుమరంగుకు తిరిగాక కోసి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేశాం. తులసి గింజలు ఎర్రగా, సబ్జా నల్లగా ఉంటాయి. పొడి కాగితంలో మడిచి డబ్బాలో దాస్తే రెండేళ్ళయినా మొలుస్తాయి. కొన్ని గింజలు ఎవరి ఊరికి వారు తీసుకువెళ్ళి ఇంటి దగ్గర చల్లాం. మొక్క చచ్చినా గింజ ఉంటే తోట ఉన్నట్లే.

మాలో పదో తరగతివాళ్ళం ఈ ఏప్రిల్‌లో హాస్టలు వదిలి వెళుతున్నాం. గింజల పొట్లాలు రెండు, పేర్లు రాసి, స్టోరురూము అలమరలో పై అరలో ఉంచాం. తమ్ముళ్ళూ, జూన్‌లో తొలకరి పడగానే చల్లండి. నీళ్ళు మాత్రం ఇద్దరే పోయండి.

– తొమ్మిది, పదో తరగతుల విద్యార్థులు