రక్తానికి వర్గమే కాని వర్ణము లేదు

అపరాధ చిత్రమనగానే హంతకుడు, శవము, వెంటాడు పోలీసు అధికారి మనకు స్ఫురించుట సహజం. విషప్రయోగము అట్టి కథలకు పాత ముడిసరుకు. కాని ఎవ్వరి ద్వేషమూ లేకుండా, ఒక్క పొరపాటు చేతనే విషమై పరిణమించు పదార్థం ఒకటి కలదు. అది సాటి మనిషి రక్తము. 1952లో ఇంగ్లండులో స్వల్ప వ్యయంతో నిర్మించిన ‘ఎమర్జెన్సీ కాల్’ అను చిత్రానికి ఈ సత్యమే పునాది.

కథ క్లుప్తమైనది. ల్యుకేమియా వ్యాధికి లోనైన ఒక బాలికకు రక్తం ఎక్కించవలెను. ఆమె రక్తవర్గము అత్యంత అరుదైనది. ఆ రక్తం గల దాతలు ముగ్గురు. ఒకడు ముష్టియోధుడు, ఒకడు నల్లజాతి నావికుడు, మూడవవాడు పోలీసులకు చిక్కక సంవత్సరాలుగా తిరుగుతున్న హంతకుడు. వ్యవధి కొద్దిపాటిది. అమెరికాలో ఈ చిత్రానికి ‘హండ్రెడ్ అవర్ హంట్’ అని, అనగా నూరు గంటల వేట అని పేరు పెట్టుటలోనే ఆ తొందర ధ్వనించును.

దర్శకుడు లూయిస్ గిల్బర్ట్. 1967లో జేమ్స్ బాండ్ చిత్రం ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’ను రూపొందించినది ఈయనే. ముష్టియోధుని పాత్రధారి ఫ్రెడ్డీ మిల్స్ నిజజీవితంలో 1948 నుండి 1950 వరకు లైట్ హెవీవెయిట్ ప్రపంచ విజేత. నావికునిగా నటించినవాడు బెర్ముడా ద్వీపవాసి ఎర్ల్ కామెరాన్. నల్లజాతివారికి బ్రిటిష్ తెరపై గౌరవప్రదమైన పాత్రలు లభించుట దుర్లభమైన దినములవి. ఆ అవరోధమును తొలుత ఛేదించినవారిలో ఆయన ఒకరు. 2020లో, నూట రెండవ యేట కన్నుమూశారు.

ఇచట శాస్త్ర విషయం కొంత తెలుసుకొనుట అవసరం. రక్తం ఎక్కించినపుడు కొందరు రోగులు కోలుకొనుట, కొందరు మరణించుట పూర్వపు వైద్యులకు అంతుపట్టలేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ మానవుల రక్తం వర్గాలుగా విభజితమై ఉన్నదని నిరూపించారు. అందుకు 1930లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. సరిపడని రక్తం ప్రవేశించినపుడు రోగి శరీరంలోని ప్రతిరక్షకాలు ఆ కొత్త కణాలను పగులగొట్టును. మూత్రపిండాలు చెడును. ప్రాణమే పోవచ్చును. ఒకరికి అమృతమైనది వేరొకరికి విషమగుట అనగా ఇదియే.

ఈ విభజనకు జాతితో, మతంతో, కులంతో నిమిత్తం లేదు. అన్నదమ్ములకు కలియని రక్తం అపరిచితులకు కలియవచ్చును. అయినను అమెరికా రెడ్‌క్రాస్ సంస్థ 1950 వరకు నల్లవారి రక్తాన్ని వేరుగా గుర్తించి ఉంచినది. శాస్త్రం ఒక గీత గీయగా మనిషి మరొక గీత గీసినాడు. అట్టి కాలంలో, తెల్లజాతి బాలిక ప్రాణం ఒక నల్లజాతి నావికుని చేతిలో ఉన్నదని చూపుట చిన్న సాహసం కాదని మా అభిప్రాయం.

మన దేశానికి సంబంధించిన విశేషం ఒకటి ఉన్నది. చిత్రం వెలువడిన ఆ 1952లోనే డాక్టర్ భేండే, ఆయన సహచరులు బొంబాయిలో ఒక అపూర్వ రక్తవర్గాన్ని కనుగొన్నారు. ‘బాంబే బ్లడ్ గ్రూపు’ అని ప్రసిద్ధికెక్కిన ఈ వర్గం మన దేశంలో సుమారు పదివేలమందిలో ఒకరికి ఉండును. సాధారణ పరీక్షలో ‘ఓ’ వర్గంగా కనిపించును గాని, ‘ఓ’ రక్తం సైతం వారికి విషమే. ఆ వర్గపువారే వారిని ఆదుకొనవలెను. కనుక సినిమాలోని వెదుకులాట మన ఆసుపత్రులలోనూ జరుగునదే.

చిత్రం ముగింపును చెప్పి పాఠకుల కుతూహలాన్ని హరించబోము. ఇందులో పోలీసులు హంతకుని వెదకునది ఉరి తీయుటకు కాదు, ఒక పసిప్రాణాన్ని నిలుపుటకు. ఈ ఒక్క మార్పుతో అపరాధ కథ మానవతా గాథ అయినది. విద్యార్థి మిత్రులారా, మీ రక్తవర్గమేదో ఎరిగియుండుడు. ఆరోగ్యవంతులై, పదునెనిమిదేండ్లు నిండినవారు దానం చేయుడు. మీ రక్తం ఏ ఇంటి బిడ్డకు చేరునో మీరెరుగరు. ఎరుగవలసిన పనియు లేదు.