ఆరని నిప్పుకు దేవత, రాశి, ఊరు

ఇంటి పొయ్యిలోని నిప్పును గ్రీకులు హెస్టియా పేరుతో, రోమన్లు వెస్టా పేరుతో కొలిచారు. భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగువారు ఎందరో నిప్పు పనితోనే బతుకుతున్నారు. పురాణం, జ్యోతిషం, ఉక్కు కలిసే విశేషాలు కొన్ని చూద్దాం.

★ తొలి నైవేద్యం ఆమెకే: హెస్టియా క్రోనస్, రియాల పెద్ద కూతురు. పోసిడాన్, అపోలో దేవుళ్ళు పెళ్ళాడతామని వస్తే, దేవతల రాజు జ్యూస్ తల మీద చెయ్యి వేసి ‘పెళ్ళే చేసుకోను’ అని ఒట్టు పెట్టింది. జ్యూస్ ఆమెకు ప్రతి ఇంటి నడుమా చోటిచ్చాడు. మన పూజల్లో వినాయకుడికిలాగే అక్కడ మొదటి నివేదన ఆమెకు జరిగేది.

★ కొత్త ఊరికి పాత నిప్పు: గ్రీకు నగరాల్లో ఊరందరి తరఫున ఒక నిప్పును ఆరకుండా కాపాడేవారు. వలస వెళ్ళి కొత్త ఊరు కట్టేవాళ్ళు సొంతూరి నిప్పును వెంట తీసుకెళ్ళేవారు.

★ మకరరాశికి కాపు: క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి మనీలియస్ ‘ఆస్ట్రోనామికా’ అనే జ్యోతిష కావ్యం రాశాడు. పన్నెండు రాశులకూ ఒక్కో దేవతను కాపు పెడుతూ, మకరాన్ని వెస్టాకు అప్పగించాడు. గనులు తవ్వడం, కొలిమిలో ఇనుము కరిగించడం, రొట్టెలు కాల్చడం ఆ రాశివారి విద్యలన్నాడు.

★ మన లెక్కలోనూ ఇనుమే: భారతీయ జ్యోతిషంలో మకరానికి అధిపతి శని, శనికి చెప్పిన లోహం ఇనుము. శనివారం ఇనుము కొనకూడదన్న పెద్దల మాట ఆ నమ్మకంలోంచే వచ్చింది. గ్రీకు జ్యోతిషం మనకు కొత్త కాదు. జ్యోతిషం తెలిసిన యవనులు (గ్రీకులు) ఋషుల్లా పూజ్యులని 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో అన్నాడు.

★ గుండ్రని గుండం: యజ్ఞశాలలో గార్హపత్యాగ్ని (గృహస్థుడి ఇంటి నిప్పు) గుండం గుండ్రంగా ఉంటుంది. రోమ్‌లో వెస్టా గుడీ గుండ్రమే. అక్కడి నిప్పు ఆరిపోతే కర్రతో కర్రను మథించి మళ్ళీ పుట్టించేవారు. మన అరణి పద్ధతీ అదే.

★ అగ్ని నక్షత్రం: కృత్తికకు అధిదేవత అగ్ని. వేదకాలపు నక్షత్రాల వరుస కృత్తికతోనే మొదలయ్యేది.

★ చల్లారకూడని కొలిమి: భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఒకసారి రాజేస్తే బ్లాస్ట్ ఫర్నేస్ ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు మండుతూనే ఉండాలి. చల్లారితే కరిగిన ఇనుము లోపలే గడ్డకడుతుంది. అందుకే పండుగనాడు కూడా షిఫ్టులు ఆగవు. 2018లో రాజేసిన ఎనిమిదో ఫర్నేస్‌కు ‘మహామాయ’ అని అమ్మవారి పేరే పెట్టారు.

★ సూర్యుడు చెప్పే పండుగ: మన పండుగలు చాలావరకు తిథిని బట్టి వస్తాయి. భిలాయి కార్మికులు యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ మాత్రం సూర్యుడు కన్యారాశిలోకి వచ్చే రోజున, దాదాపు ఏటా సెప్టెంబరు 17న వస్తుంది.

★ ఆకాశంలో ఇనుప గుండె: 1807లో ఖగోళవేత్త ఓల్బర్స్ కనుగొన్న వెస్టా గ్రహశకలం వెడల్పు సుమారు 525 కిలోమీటర్లు. దాని నడుమ ఉన్నది ఎక్కువగా ఇనుమేనని 2011-12 నాటి డాన్ అంతరిక్ష నౌక పరిశీలనలను బట్టి అప్పట్లో అంచనా వేశారు. పాశ్చాత్య జ్యోతిషులు కొందరు జాతకాల్లో వెస్టానూ లెక్కిస్తారు. మనకు నవగ్రహాలే. హెస్టియా పేరుతోనూ ఒక గ్రహశకలం ఉంది. 1857లో దాన్ని కనుగొన్న ఖగోళవేత్త పాగ్సన్, తర్వాత మద్రాసు వేధశాలకు వచ్చి 1861లో ‘ఆసియా’ అనే మరో గ్రహశకలాన్ని కనిపెట్టాడు.

సూర్యుడు మకరంలో అడుగుపెట్టే ముందురోజు మనం భోగి మంట వేస్తాం. ఈసారి ఆ మంట చుట్టూ చేరిన పిల్లలకు హెస్టియా కథ చెప్పండి. ఎండాకాలంలో కూడా ఫర్నేస్ ముందు నిలబడి నిప్పును కాపాడుతున్న భిలాయి కార్మికుల గురించీ చెప్పండి. మన రైళ్ళు పరిగెత్తే పట్టాలు చాలావరకు వాళ్ళ చేతుల మీదుగా వస్తున్నాయి.