ముంగిలి, అరుగు, వాకిలి: కృష్ణాసీమలో నింటి మొగము

ఇంటి ముందరిభాగమునకుఁ దెలుఁగున నున్న పేరులను వరుసగాఁ బరిశీలించినచో గృహరచనాశాస్త్రమున సగము బోధపడును. 'ఇల్' అనునది ద్రావిడభాషలలోఁ బెక్కింటికి సామాన్యమైన మాట. తమిళులు 'మున్ఱిల్' అనుదానిని మనము 'ముంగిలి' యందుము. వారి 'వాయిల్', కన్నడిగుల 'బాగిలు', మన 'వాకిలి' యొక్క కుటుంబములోని మాటలే. 'వాయి' యనఁగా నోరు. కావున వాకిలి యింటికి నోరు; ముంగిలి యా నోటి యెదుటి చోటు. వీధినుండి వచ్చువాఁడు ముంగిలి ద్రొక్కి, అరుగెక్కి, పంచలో నిలిచి, పిదప గడప దాఁటును. ఈ క్రమమే యింటి మొగమునకు రూపము. రంగులును, చెక్కడములును, పూలమొక్కలును దాని తరువాతి మాటలు.

నేఁడిండ్లు కట్టించువారు 'ఎలివేషను' అను పేర నింటి మొగమునకుఁ బ్రత్యేకముగా నొక పటము వ్రాయించుచున్నారు. రాతిపలకల పట్టీలు, గాజు కటకటాలు, పలురంగుల పూఁతలు ఆ పటమునఁ జూడ ముచ్చటగనే యుండును. అయితే యా పటమున వాన కురియదు, వీధి పెరుగదు. కృష్ణానదీముఖమునందలి పల్లపుభూములలో నింటి ముందరి యందము నీటిలెక్కనుండి పుట్టినదనియు, ఆ లెక్క తప్పిన యలంకారము పదియేండ్లు నిలువదనియు నీ వ్యాసమునఁ జూపఁదలఁచితిని.

పామిడిముక్కల ప్రాంతమును దృష్టాంతముగాఁ గైకొందము. ఇది ఉయ్యూరు, పామఱ్ఱు, కూచిపూడులకుఁ జేరువనున్న సీమ. ఈ మండలముననే వీరంకిలాకు అను నూరు గలదు. కాలువలపైఁ బడవల నెక్కించి దించు ద్వారకట్టడమునకు దొరలు పెట్టిన పేరు తెలుఁగు నోట 'లాకు' అయి, యూరి పేరులోఁ గలిసిపోయినది. విజయవాడయొద్ద 1852వ సంవత్సరమున నారంభమై 1855లో ముగిసిన యానకట్టయు, 1957లో దాని స్థానమున వచ్చిన ప్రకాశము బ్యారేజియు నీ సీమకు నీరిచ్చినవి. నీటితో వరియు, వరితో సొమ్మును, సొమ్ముతో పెంకుటిండ్లును మండువా లోఁగిళ్లును వచ్చినవి. నేల నల్లరేగడి. వానకుబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలిచ్చును. భూమి చాప పఱచినట్లు సమముగా నుండుటచే వాననీరు తొందరగాఁ బోవదు. ఇది చాలదన్నట్లు తుపానులు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మచిలీపట్టణముపైఁ బడి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమకుఁ బట్టిన గతి యిప్పటి పెద్దలెఱిఁగినదే.

ఇట్టి నేలపై గాలికిని నీటికిని జంకి పుట్టిన రూపములు రెండు. మొదటిది తీరగ్రామములలోని చుట్టిల్లు. గుండ్రని గోడను గాలి చుట్టివచ్చునే కాని యెదురుగా నిలిచి త్రోయఁజాలదు. తాటాకు కప్పు మిక్కిలి క్రిందికి దిగియుండుటచే లోనికిఁ బోవువాఁడు తల వంచవలయును. అందు ముఖాలంకారమునకుఁ దావు తక్కువ. అయినను ఎఱ్ఱమట్టి యలికి సున్నపుఁ బట్టీ వేసిన గోడను, ఆ నల్లని చూరునీడను జూచినవానికి మఱియొక యలంకారము కావలెననిపించదు. రెండవది యరుగు.

అరుగును గూర్చుండు చోటుగా మాత్రమే తలఁచుట సగము నిజము. పునాదిగోడకు వెలుపల మోఁకాలియెత్తునఁ గట్టిన యీ తిన్నె మొదట గోడకుఁ గాపు. చూరునుండి జాఱిన నీరు నేలఁబడి చిందినప్పుడు ఆ చిందు మట్టిగోడ పాదమును దినివేయును. అరుగున్నచో ఆ దెబ్బ యరుగు తినును. దానిని గోడవైపునుండి వీధివైపునకుఁ గొంచెము వాలుగాఁ గట్టుదురు. చూరు అరుగు నంచును దాఁటి మూరెఁడు వెలుపలికి వచ్చును. కావున గోడ తడియదు, కూర్చున్నవాఁడు తడియఁడు, నీరు నిలువదు. వెలుపలి యంచున నిలిచిన కఱ్ఱస్తంభములు చూరును మోయును. వాని నడుమ నీడలు వరుసకట్టును. ఇంటి మొగమున మనము 'కళ' యని మెచ్చుకొనునది చాలవఱకు ఆ నీడల వరుసయే. చదునైన గోడకు ఎన్ని రంగులు పూసినను రాని లోఁతు దానికి మూఁడడుగుల చూరుచేత వచ్చును. మిద్దెయిండ్లు కట్టువారికిని ఈ మాట చెల్లును. వీధిగోడపై సజ్జ మూఁడడుగులు వెలికి వచ్చినచో ఎండయు జల్లును ఆఁగును, రంగు నిలుచును. అడుగున్నర సజ్జ కిటికీకి బొట్టువంటిదే గాని గొడుగు కాదు.

ఇఁక నరుగు నెత్తు. జాతీయ భవననిర్మాణ నియమావళి పీఠము చుట్టుపట్ల నేలకంటె 45 సెంటీమీటరులకుఁ దక్కువ కారాదని చెప్పుచున్నది. అది కనీసపుటెత్తు. కాలువగట్ల పల్లములందు ఆ యూర వృద్ధులు చూచిన మిక్కిలి పెద్ద వరదగుర్తును దెలిసికొని, దానికి మీఁద జానెఁడు విడిచి కట్టుట మేలు.

అరుగునకు సాహిత్యసంబంధమైన చరిత్రయుఁ గలదు. మన పూర్వుల వీధిబడులు తఱుచుగా నరుగులమీఁదనే సాగెడివి. ఇంగ్లీషువారు వ్రాతలలో 'పయల్ స్కూలు' అని పేర్కొన్నవి యివియే. ఆ 'పయల్' ఇంగ్లీషు మాట కాదు. తిన్నెకుఁ బోర్చుగీసువారు పెట్టిన పేరు. పురాణశ్రవణము, పద్దుల లెక్క, పెండ్లిమాటలు, బాటసారి నిద్ర, ఇవన్నియు నచ్చటనే. ఇల్లు వీధికి నిచ్చిన చోటు అరుగు. అయితే అందఱికి నిచ్చినది కాదు. అంటరానివారని వెలిఁబెట్టఁబడినవారు ముంగిలిలోనే నిలువవలసివచ్చిన యరుగులు ప్రతి యూరను నుండెడివి. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. ప్రాఁతయిండ్ల సొగసును మెచ్చుకొను వ్యాసములందు ఈ మాట యెగిరిపోవుట తఱుచు. క్రొత్తగా నరుగు కట్టించువాఁడు దాని కొలఁతలనే కాక, దానిపై నెవరు కూర్చుండవచ్చునను లెక్కనుగూడఁ గ్రొత్తగా వేసికొనవలయును.

వాకిలిని గూర్చి మన శాస్త్రకారులు చాల వ్రాసిరి. అందు క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాఁడైన వరాహమిహిరుని బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయము మిగుల నుపయుక్తము. మూలద్వారము యొక్క సొంపును ఇంటిలోని యితరద్వారములు మించరాదని యతఁడు చెప్పెను. ఆ ద్వారమును పూర్ణకుంభములు, ఫలములు, పత్రములు మొదలగు మంగళరూపములచేత నలంకరింపుమనెను. గడపకుఁ బసుపు పూసి కుంకుమ పెట్టి మామిడితోరణము కట్టు మన యిల్లాండ్రు ఆ గ్రంథమును జదివి చేయుచున్నారని యెవరనఁగలరు? గ్రంథకర్త లోకమున నున్నదానినే వ్రాసియుండును. అమరావతీస్తూపపు శిలాఫలకములందుఁ బూర్ణకుంభము కనఁబడుచున్నది. అదియే నేఁటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వచిహ్నమునను నిలిచినది. కలశమునుండి వెడలిన తీఁగలు ద్వారబంధపు రెండు నిలువుకమ్ములమీఁదుగాఁ బ్రాకి పైకమ్మిని జేరుట పనితనమెఱిఁగిన వడ్రంగి చెక్కడము. ఒక్క ద్వారమున నీ పని చేయించి తక్కిన తలుపులను సాదాగా విడుచుట వరాహమిహిరుని మతము. మన కాలపువారు కిటికీకిఁ జెక్కడము, గేటునకుఁ జెక్కడము, కారుకొట్టపు తలుపునకుఁ జెక్కడము పెట్టించి, వచ్చిన చుట్టము ఎచ్చటఁ బిలువవలెనో తెలియక వెదకికొనునట్లు చేయుచున్నారు.

ఆ యధ్యాయముననే మఱియొక మాట గలదు. ద్వారమునకెదురుగా బాట, చెట్టు, మూల, నుయ్యి, స్తంభము ఉండుట దోషము. కాని యెత్తునకు రెట్టింపు దూరము విడిచినచో దోషములేదు. ద్వారపుటెత్తును గైకొన్నచో, ఏడడుగుల వాకిలికిఁ బదునాలుగడుగులు. దీనిని శకునముగా నమ్మువారు నమ్ముదురుగాక. రేగడినేలలో దీనికి వేఱొక యర్థము గలదు. పెద్దచెట్టు వేసవిలోఁ బునాదిక్రింది తడిని బీల్చుకొనఁగా నేల ముడుచుకొని గోడ బీటలిచ్చును. కావున వేప, కానుగ మొదలగు వృక్షములను గోడకు దూరముగా ముంగిలి చివర నాటుటయు, ఇంటిదగ్గఱ నందివర్ధనము, మందారము, పారిజాతము వంటి గుబురుచెట్లతోఁ దృప్తిపడుటయు యుక్తము. పంచకొక ప్రక్క సన్నజాజి పందిరి చాలును. పారిజాతమును మాత్రము నడవకుఁ జేరువగాఁ బెట్టవలయును. అది తెల్లవాఱుసరికిఁ బూలను రాల్చును గనుక నడచువానికే దాని శోభ. దివిసీమవలె నుప్పునీరూరు చోటులలో గులాబి పెంచఁబోయి దుఃఖించువారున్నారు. అచ్చటఁ గొబ్బరి, పొన్న, కానుగ, గన్నేరు, కాగితపుఁబూలు ఉప్పునకోర్చును. గన్నేరు విషవృక్షము, పసిపిల్లలును బశువులును దిరుగు తావున వలదు.

ముగ్గును గూర్చి పెక్కు చెప్పనక్కఱలేదు. పేఁడనీటి కళ్లాపి చల్లిన నల్లనేలపైఁ దెల్లని గీఁత యెంత స్పష్టమో చదువరులెఱుఁగుదురు. ధనుర్మాసమున గొబ్బెమ్మలపై గుమ్మడిపూవు పచ్చఁదనము ఆ నేలపైననే వెలుఁగును. తెల్లని పలకఱాళ్లపై ముగ్గు కనఁబడదు. కనఁబడకపోఁగా జనులు రంగుపూఁతతోఁ బండ్రెండుమాసముల ముగ్గును వ్రాయించుకొనుచున్నారు. ప్రతిదినమును మాఱుటయే ముగ్గు గుణము గనుక దానిని ముగ్గనుట కష్టము.

పలకఱాళ్లచేఁ బోవునది ముగ్గు మాత్రమే కాదు. నూఱు చదరపుగజముల ముంగిలిపై నొక సెంటీమీటరు వాన కురిసినచో అందుఁబడు నీరు సుమారు 836 లీటరులు. తుపానునాఁడు పది సెంటీమీటరులు కురియుట యీ సీమలో వింతకాదు. అప్పుడది యెనిమిదివేల లీటరులు దాఁటును. మట్టినేల కొంత త్రాగును. మొక్కల పాదులు మఱికొంత నిలుపుకొనును. సిమెంటు నేల యంతయు వీధిలోనికిఁ ద్రోయును. ప్రతి యిల్లును నిట్లు చేయఁగా వీధి చెఱువగును. చెఱువైన వీధి తిరిగి యిండ్లలోనికే వచ్చును. వాహనము లోనికి రావలెనన్నచో ముంగిలియంతయు గచ్చు చేయవలసిన పనిలేదు. చక్రములు నడచుమేర రెండు పట్టెలు ఱాతితోఁ బఱచి నడుమ గడ్డి విడువవచ్చును. ఆ బాట యింటికొక ప్రక్కగా నున్నచో నరుగునకు భంగములేదు. వాకిటికి సూటిగా వాలుబాట వేయుటచే నరుగు నఱకఁబడి, ఇంటి మొగము పన్నూడిన నోరువలె నగుచున్నది.

ప్రహరీగోడ నాలుగడుగులు మించినచో వీధికిల్లు కనఁబడదు, ఇంటికి గాలి రాదు. పైభాగమున జాలకములుంచి, అడుగున నీరు పోవుటకుఁ దూములు విడువవలయును. తూములు లేని గోడ తుపానునాఁడు నీటిని లోపలనే నిలిపి, తుదకు తానే పడిపోవును.

ఇన్ని జాగ్రత్తలు చేసినను ఇంటివాని వశములో లేని సంగతి యొకటి మిగిలినది. వీధి బాగుచేయునప్పుడెల్ల ప్రాఁతపొరపైఁ గ్రొత్తపొర వేయుట యలవాటైనది. పొరకు జానెఁడు చొప్పున మూఁడు నాలుగు పర్యాయములలో వీధి యరుగునంటును. తాతనాఁడు మూఁడు మెట్లెక్కి చేరిన పంచకు మనుమఁడు నేఁడొక మెట్టు దిగి పోవుచున్నాఁడు. అట్టి యిండ్లు పల్లపుసీమ గ్రామములందు విశేషముగాఁ గలవు. వానియందు టేకు ద్వారబంధము చెక్కుచెదరక యుండఁగా గడప మాత్రము నీటఁ గుళ్లుచుండును. యజమానుఁడు అరుగును బగులఁగొట్టి యడ్డుగోడ కట్టుకొనును. అటుపై నింటికి మొగమే లేదు. దీనికి మందు పంచాయతీల చేతిలోనున్నది. క్రొత్తపొర వేయుటకు ముందు ప్రాఁతపొరను గీఁకి యంతే మందము తీసివేయుట, వీధిమట్టమును ఱాతిపై గుర్తించి యా గుర్తు దాఁటనీయకుండుట, ఇవి రెండును గుత్తదారుని యొప్పందములోనే వ్రాయింపవలయును. రోడ్డుపని తీర్మానము గ్రామసభకు వచ్చిననాఁడు ఈ రెండంశములను అడుగుట యింటి యజమానుని పని.