విత్తనం కాని 'సీడ్'

వొకాబ్యులరీ పెరగడానికి ఏ పుస్తకం కొనాలని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడిగారు. శుక్రవారం టెస్టుకు ఇరవై మాటలు బట్టీ పట్టిన పిల్లలు సోమవారానికి సగం మర్చిపోతున్నారు. (చిన్నప్పుడు నాదీ అదే పని.)

మొన్న ఏడో తరగతిలో 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అంటే ఏమిటని అడిగాను. "వేరుశనగ విత్తనాలిచ్చే జిల్లాలు మేడం" అన్నాడొక అబ్బాయి. అనంతపురానికి సరిపోయే జవాబే! కానీ ఈ సీడ్ స్పెల్లింగు సి-ఈ-డి-ఈ. హక్కు వదులుకుని అప్పగించడం అని అర్థం. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అలా అప్పగించాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. 1916లో మొదలైన మన ఆర్ట్స్ కాలేజీ తొలి పేరూ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీయే.

దీని లాటిన్ మూలానికి వెళ్లడం, వదులుకోవడం అని అర్థాలు. ముందు 'రి' చేరిస్తే రిసీడ్: చెరువు నీళ్లు వెనక్కి తగ్గడం. 'ప్రి' చేరిస్తే ప్రిసీడ్: ముందు వెళ్లడం. కన్సీడ్ అంటే ఓటమి ఒప్పుకోవడం. ఒక్క మాట పట్టుకుంటే ఇంకో మూడు వచ్చాయి.

మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. "దీన్ని తెలుగులో ఏమంటారు? మన ఊళ్లో ఎక్కడ వాడొచ్చు?" అని అడగండి చాలు. ఈ వారం 'ఎరిడ్' అనే మాట ఇంటికి పంపుతున్నాం. అది మన జిల్లాకు ఎందుకు సరిపోతుందో పిల్లల్నే చెప్పమనండి.