పెనుకొండ మడిస్తే ధర్మవరం మాయం

"సార్, పెనుకొండను మూస్తే ధర్మవరం కూడా పోతా ఉంది సార్!"

హిందూపురంలో డిగ్రీ పిల్లలకు హెచ్‌టీఎంఎల్ చెబుతున్నప్పుడు వచ్చిన ఫిర్యాదు ఇది. ఒక విద్యార్థిని శ్రీసత్యసాయి జిల్లా గురించి వెబ్ పేజీ రాస్తోంది. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైల్లో స్టేషన్లు వచ్చే వరసలోనే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని ఊరికో డివ్ (పేజీలో ఒక భాగాన్ని చుట్టే ట్యాగు) పెట్టింది. మూడింటినీ చుట్టి బయట ఇంకో డివ్. హిందూపురం కింద లేపాక్షి నంది, పెనుకొండ కింద విజయనగర రాజుల కోట, కియా కార్ల ఫ్యాక్టరీ, ధర్మవరం కింద పట్టుచీరలు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో లైన్ నంబరు పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఆ డివ్ ముడుచుకుని మొదటి లైనూ ముగింపు ట్యాగూ మాత్రమే కనిపించాలి. హిందూపురం బుద్ధిగా ముడుచుకుంది. పెనుకొండ మాత్రం పక్క ఊరిని కూడా వెంటబెట్టుకుని పోయింది.

ఎడిటర్‌కు ఏమీ కాలేదు. అది ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే.

ఎడిటర్‌కు ఊళ్ల పేర్లు తెలియవు. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది, పక్కన ఒక స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే దొంతర, పెట్టుకుంటుంది. తెరిచే ట్యాగు కనబడగానే దాని పేరు, లైన్ నంబరు స్టాక్ మీద వేస్తుంది. మూసే ట్యాగు కనబడగానే స్టాక్‌లో పైనుంచి కిందికి అదే పేరు కోసం వెతుకుతుంది. దొరికిన చోట జత కుదిరినట్టు. ఆ రెండు లైన్ల మధ్య మేర మడతకు వస్తుంది. జత కుదిరినదాన్నీ, దాని పైన మిగిలి ఉన్నవాటినీ స్టాక్ నుంచి తీసేసి ముందుకు సాగుతుంది.

ఆ అమ్మాయి ఫైలే తీసుకుందాం. 1వ లైన్లో బయటి డివ్. 2లో హిందూపురం తెరుచుకుని 20లో మూతపడింది. చక్కని జత. 21లో పెనుకొండ తెరుచుకుంది, మూసే ట్యాగు రాయడం మరిచిపోయింది. 48లో ధర్మవరం తెరుచుకుంది, 90లో మూతపడింది. ఆ సమయానికి స్టాక్ పైన ఉన్నది ధర్మవరమే, కనుక జత సరైనదే. 91లో ఇంకో మూసే డివ్ ఉంది. అది బయటి డివ్ కోసం రాసింది. కానీ స్టాక్ పైన ఇంకా పెనుకొండ కాచుకుని కూర్చుంది. పేరూ డివ్వే. ఇంకేముంది, జత దానితో కుదిరింది. పెనుకొండ మడత 21 నుంచి 90 దాకా సాగింది, ధర్మవరం అందులో మునిగింది. బయటి డివ్‌కు జతే లేకుండా పోయింది, దాని పక్కన బాణం కూడా లేదు.

బ్రౌజరూ దాదాపు ఇలాగే లెక్కగడుతుంది. పెనుకొండ డివ్‌కు పసుపు రంగు పూస్తే అది ధర్మవరం చీరల వెనక్కీ పాకుతుంది.

బయట మెయిన్ ట్యాగు, లోపల సెక్షన్ ట్యాగులు వాడి ఉంటే కథ వేరేగా ఉండేది. మూసే మెయిన్ వచ్చినప్పుడు స్టాక్ పైన పెనుకొండ సెక్షన్ ఉన్నా పేరు కలవదు. దాన్ని దాటి కిందికి వెళ్లి మెయిన్‌ను పట్టుకుంటుంది. పెనుకొండ ఒక్కదానికే బాణం రాదు. మూడు ఊళ్లలో ఒక ఊరికి బాణం లేదంటే ట్యాగు ఎక్కడ పోయిందో వేరే వెతకనక్కర్లేదు. అన్నీ డివ్‌లే రాసేవాళ్లతో నాకున్న పేచీ ఇదే. ఇక బొమ్మ ట్యాగు, లైన్ విరుపు ట్యాగు లాంటివాటికి మూత ఉండదు కనుక వాటి జాబితా ఎడిటర్ దగ్గర ముందే ఉంటుంది, వాటిని స్టాక్‌లో ఉంచదు.

ధర్మవరం మగ్గాల మీద దండలా వేలాడే జకార్డు అట్టలు కూడా ఒక రకం కోడే. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు ఆజ్ఞ. కానీ పువ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నేతగాడికి తెలుసు, అట్ట మీద రాసి ఉండదు. ఆ దండను మడిచి చూపించే ఎడిటర్ కావాలంటే ముందు ఆ హద్దులు ఎవరో ఒకరు చెప్పాలి.

ట్యాగుల్ని నమ్మే ఈ పద్ధతికి ఒక పోటీదారు ఉంది. లైను ఎంత లోపలికి జరిగి ఉందో చూసి మడిచేయడం. పైథాన్‌కు అది చక్కగా నప్పుతుంది, అక్కడ ఖాళీలే వ్యాకరణం. ఒక భాషకు ప్రత్యేక ఏర్పాటు లేకపోతే వీఎస్ కోడ్ కూడా ఈ దారే పడుతుంది. కానీ మన పేజీ మీద ప్రయోగిస్తే పెనుకొండ 47 దగ్గర బుద్ధిగా ఆగుతుంది. మూడు ఊళ్లూ వేరువేరుగా, అందంగా ముడుచుకుంటాయి. తప్పు మాత్రం అలాగే ఉంటుంది, కంటికి కనబడదు. ఖాళీలు రాసినవాడి ఉద్దేశం చెబుతాయి, ట్యాగులు రాసింది చెబుతాయి. మార్కప్‌కు నా ఓటు ట్యాగులకే.

మడిచినంత మాత్రాన ఫైల్లో ఒక్క అక్షరం కూడా కదలదు. లైన్ నంబర్లు 21 నుంచి 91కి దూకుతాయి, అంతే. లోపలున్న మాట వెతికితే మడత దానంతటదే విచ్చుకుంటుంది.

కోడ్‌ను మడిచే ఈ ఆలోచన పాతదే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌తో పాటు ఇదీ చూపించాడు, బజారు సరుకుల చీటీని పద్దుల వారీగా ముడుస్తూ. ఐబీఎం పెద్ద కంప్యూటర్ల ఎడిటర్‌లో లైను పక్కన ఎక్స్ అని కొడితే అది దాక్కుని, ఇన్ని లైన్లు చూపడం లేదని ఒక గీత మిగిలేది. 1980లలో ఇన్‌మాస్ కంపెనీ ఆకమ్ భాషకు చేసిన ఎడిటర్‌లో మడతల హద్దులు మూడేసి మీసాల బ్రాకెట్లు. 2001లో విమ్ ఎడిటర్ 6.0కు మడతలు (ఫోల్డింగ్) వచ్చినప్పుడు హద్దులకు అవే గుర్తులు. ఇప్పుడు చాలా కోడ్ ఎడిటర్లలో మడత ఉంటుంది.

2002లో సీ షార్ప్ భాషతో రీజియన్ అనే మాట వచ్చింది. మనకు నచ్చిన చోట హద్దు గీసుకుని మడవచ్చు. హెచ్‌టీఎంఎల్‌లోనూ కామెంట్ల మధ్య రాసుకోవచ్చు. దీనివల్ల గజిబిజి కోడంతా మంచి పేరున్న మడత కింద దాగిపోతుందని గొణిగేవాళ్లున్నారు, వాళ్ల మాట నిజమే. నేనైతే గీతల్ని అంకెలతో రాసే ఎస్‌వీజీ బొమ్మల వందల లైన్ల అంకెల్ని దాచడానికి వాడేవాణ్ణి. ఎస్‌వీజీ ట్యాగుకు సొంత బాణం ఉండనే ఉంది కనుక అదీ మానేశాను.