ఇంటి అక్వేరియానికి శాంత స్వభావపు చేపల ఎంపిక

ఉష్ణమండలపు మంచినీటి చేపలను ఒకే తొట్టిలో కలిపి పెంచదలచినవారు సాధారణంగా రంగును, ధరను చూసి చేపలను కొంటారు. వారం పది రోజులు గడిచేసరికి ఒక చేప తోక చిరిగి కనిపిస్తుంది, మరొకటి హీటరు వెనుక నక్కి మేతకు రాదు, కొన్ని మరణిస్తాయి. దుకాణదారు వాటిని 'శాంతమైన చేపలు' అని చెప్పి ఉండవచ్చు, ఆ మాట అబద్ధం కాకపోవచ్చు కూడా. చేప శాంత స్వభావం దాని జాతిపై కొంతవరకే ఆధారపడుతుంది. మిగిలినదంతా తొట్టిలోని స్థలం, గుంపులోని చేపల సంఖ్య, ఆడ మగ నిష్పత్తి, నీటి గుణం నిర్ణయిస్తాయి. అందుచేత చేపల ఎంపిక ఇంట్లోని నీటిని పరిశీలించడంతో మొదలు కావాలి.

తెలుగు రాష్ట్రాలలో, ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం, అనంతపురం వంటి ప్రాంతాలలో బోరు నీటిలో లవణాలు, కాఠిన్యం ఎక్కువగా ఉంటాయి. సాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలు ఇచ్చే ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, కాల్షియం, మెగ్నీషియం వివరాలే చేపల పెంపకానికీ పనికివస్తాయి. గప్పీ, ప్లాటీ, మోలీ చేపలు మధ్య అమెరికా, ఉత్తర దక్షిణ అమెరికా ప్రాంతాలకు చెందినవి. గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కనే ఈ చేపలకు 7 నుండి 8 వరకు ఉదజని సూచిక గల కఠిన జలం అనుకూలం. అమెజాన్ ఎగువ ప్రాంతపు నియాన్ టెట్రా ఇందుకు భిన్నమైనది. అక్కడి సెలయేళ్లలో నీరు ఆమ్ల గుణం కలిగి, లవణాలు దాదాపు లేకుండా ఉంటుంది. తొట్లలో పుట్టి పెరిగిన నియాన్ చేపలు ఒక మోస్తరు కాఠిన్యాన్ని తట్టుకున్నా, బాగా కఠినమైన బోరు నీటిలో నీరసించి త్వరగా రోగాల పాలవుతాయి. నీరసించిన చేప తోటి చేపలకు సులభంగా లొంగుతుంది. తాగునీటి కోసం అమర్చిన ఆర్.ఓ. యంత్రపు నీటిని మాత్రమే తొట్టిలో నింపడం కూడా సరికాదు. లవణాలు లేని నీటిలో ఉదజని సూచిక నిలకడగా ఉండదు, గప్పీ వంటి చేపలకు అది ఏమాత్రం సరిపడదు.

కందిలో జొన్నను అంతర పంటగా వేసేటప్పుడు వేళ్ల లోతు, మొక్క ఎత్తు, పంటకాలం చూస్తారు. తొట్టిలోనూ ఇటువంటి విభజన ఉంది. గౌరామి చేపలు పైపొరలో, టెట్రాలు, బార్బులు మధ్యపొరలో, కోరిడోరాస్ చేపలు అడుగున తిరుగుతాయి. మూడు పొరలకూ మూడు రకాలను ఎంచుకుంటే స్థలం కోసం పోటీ తగ్గుతుంది. అయితే ఈ పోలికను మరీ దూరం తీసుకుపోరాదు. పంట మొక్క తన చోటు విడిచి పొరుగు మొక్కను తరమదు, చేప తరుముతుంది.

కలహానికి మొదటి కారణం నోటి పరిమాణం. నోట పట్టే చేపను తినడం చేపకు సహజం, దానిని కోపంగా భావించనవసరం లేదు. రూపాయి నాణెమంత ఉన్నప్పుడు కొన్న ఏంజెల్ చేప పెరిగి 15 సెం.మీ. వరకు చేరుతుంది. అంతవరకు దానితో కలిసి తిరిగిన 3 సెం.మీ. నియాన్ చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. కొనేటప్పటి పరిమాణాన్ని కాక, పూర్తిగా పెరిగిన పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆస్కార్, ఫ్లవర్ హార్న్ వంటి చేపలను అదృష్టం కోసమో అందం కోసమో చిన్న చేపల మధ్య వదలడం వాటికి మేత వేయడంతో సమానం.

గుంపు తగ్గితే స్వభావం మారడం రెండవ కారణం. గుంపుగా జీవించే జాతులలో చిన్నపాటి తరుములాటలు తమలో తామే జరిగి చల్లారుతాయి. రెండో మూడో చేపలను మాత్రమే కొంటే ఆ వేగమంతా ఇతర జాతుల రెక్కలపైకి మళ్లుతుంది. టైగర్ బార్బ్ ఇందుకు ప్రసిద్ధి. పెద్ద గుంపులో కొంత నెమ్మదించినా, పొడవాటి రెక్కలున్న గప్పీలతో, ఏంజెల్ చేపలతో దానిని కలపకపోవడమే మంచిది. శ్రీలంకకు చెందిన చెర్రీ బార్బ్ అదే కుటుంబానికి చెందినదైనా చాలా నెమ్మదైన చేప. టెట్రాలు, బార్బులు, డానియోలు, కోరిడోరాస్‌లను ఆరుకు తగ్గకుండా కొనాలి. నాలుగు రకాలను రెండేసి చొప్పున కొనే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. పోట్లాటలలో అధిక భాగానికి మూలం ఇదే.

మూడవది మగ చేపల పోటీ. థాయిలాండ్‌లో పందేల కోసం తరతరాలుగా ఎంపిక చేసిన బెట్టా మగ చేపలను ఒకే తొట్టిలో రెండింటిని ఉంచరాదన్న సంగతి అందరికీ తెలిసినదే. శాంతమైనవిగా పేరున్న డ్వార్ఫ్ గౌరామి, స్వోర్డ్‌టెయిల్ మగ చేపలు కూడా చిన్న తొట్టిలో ఒకదానినొకటి విడవకుండా తరుముతాయి. ప్లాటీ, గప్పీలలో మగవి ఆడ చేపలను నిరంతరం వెంటాడతాయి కనుక ఒక మగ చేపకు రెండు మూడు ఆడ చేపలు ఉండాలి. సంతానం వద్దనుకునేవారు గప్పీలలో మగవాటిని మాత్రమే పెంచవచ్చు.

అశాంతి ఎప్పుడూ కాటు రూపంలోనే కనిపించదు. చురుకైన చేపలు మేతనంతా క్షణాలలో మింగితే నెమ్మదైనవి ఏ గాయమూ లేకుండానే క్షీణిస్తాయి. జీబ్రా డానియో ఎవరినీ గాయపరచని చేపే, కాని బిడియపు హనీ గౌరామి పక్కన అది తగదు. ఈ రెండూ గంగా, బ్రహ్మపుత్ర నదీ పరీవాహక ప్రాంతాలకు చెందిన మన దేశపు చేపలే కావడం విశేషం.

ఉదాహరణకు 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టిని తీసుకుందాం. దీని ఘనపరిమాణం 54 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన ఖాళీ పోగా నిలిచే నీరు 45 లీటర్లకు మించదు. కఠినమైన బోరు నీరున్న ఇంట్లో ఎనిమిది జీబ్రా డానియోలు, ఒక మగ, మూడు ఆడ ప్లాటీలు ఈ తొట్టికి సరిపోతాయి. మృదు జలం లభించేచోట ఆరు చెర్రీ బార్బులు, ఒక జత హనీ గౌరామి, ఆరు చిన్న కోరిడోరాస్‌లు కలిసి ఉండగలవు. కోరిడోరాస్‌లు మీసాలతో అడుగును వెదుకుతాయి కాబట్టి పదునైన రాళ్లకు బదులు సన్నని ఇసుక పరచాలి. గోల్డ్ ఫిష్‌ను ఈ రెండింటిలోనూ చేర్చరాదు. అది చల్లని నీటి చేప, పెద్దదిగా పెరుగుతుంది, నీటిని త్వరగా మలినం చేస్తుంది.

చేపలు వచ్చేలోగా తొట్టి సిద్ధపడాలి. యూరియా నుండి వచ్చిన అమ్మోనియాను నేలలోని సూక్ష్మజీవులు నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చినట్లే, చేపల విసర్జనలోని అమ్మోనియాను ఫిల్టరులో స్థిరపడిన బాక్టీరియా మారుస్తాయి. ఈ బాక్టీరియా తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా మూడు నుండి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపలకు విషమే. ఉదజని సూచిక ఎక్కువగా ఉన్న మన బోరు నీటిలో అమ్మోనియా విష ప్రభావం మరింత పెరుగుతుంది. కొత్త తొట్టిలో ఒకేసారి ఇరవై చేపలు వదిలి, అవి చనిపోతే పోట్లాట వల్లనే అనుకోవడం సర్వసాధారణం. మునిసిపల్ కుళాయి నీటిలోని క్లోరిన్ ఈ బాక్టీరియాను, చేపలనూ చంపగలదు కనుక సోడియం థయోసల్ఫేటు వంటి క్లోరిన్ నివారణులను వాడాలి. మొదట గుంపు చేపలను, చివర గౌరామి వంటి చోటు పట్టుకునే చేపలను వదలితే ముందు వచ్చినవి తొట్టినంతా తమదిగా చేసుకునే ప్రమాదం తగ్గుతుంది.

వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి మొక్కలు దట్టంగా ఉంటే తరిమే చేప కంటికి తరమబడే చేప మరుగవుతుంది. కాని వరి పొలాల బోదెల నుండి తెచ్చిన మొక్కలతో పురుగుమందు అవశేషాలు రావచ్చు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అతి స్వల్ప మోతాదులోనే చేపలను చంపుతాయి. ఇంట్లో దోమల కోసం చల్లే మందులలోనూ ఉండేవి ఇవే. వాటిని వాడక తప్పనప్పుడు తొట్టిని కప్పి, గాలి పంపును కాసేపు ఆపాలి.

వేసవిలో మరొక చిక్కు ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద అది 7.5 మి.గ్రా.కు పడిపోతుంది. అప్పుడు చేపలన్నీ పైకి చేరి, ఉన్న కొద్ది చోటు కోసం పెనుగులాడతాయి. మూత తీసి, నీటి ఉపరితలంపై ఫ్యాను గాలి తగిలేలా చేస్తే ఆవిరి వల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. డానియోలు ఎగిరి బయట పడతాయి కనుక మూత స్థానంలో వల పరచాలి.

తొట్టికి సరిపడని చేప ఎప్పుడో ఒకప్పుడు ఎవరికైనా ఎదురవుతుంది. అద్దాలపై నాచు తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేప వేలెడంత ఉన్నప్పుడు సాధువుగానే ఉంటుంది. పెరిగితే 40 సెం.మీ. దాటి, చిన్న తొట్టిలో తిరగడానికి కూడా చోటు చాలదు. అలాంటప్పుడు చాలామంది దానిని సమీపంలోని చెరువులో వదిలివేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాలలో వ్యాపించి, మత్స్యకారులు 'దెయ్యం చేప' అని పిలిచే స్థితికి వచ్చింది. దాని గట్టి ముళ్లు వలలను చించుతాయి, స్థానిక చేపల మేతకూ అది పోటీ అవుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్‌ఏ జాడను బట్టి దీని ఉనికిని గుర్తించే పద్ధతిని రూపొందించవలసి వచ్చింది. పెరిగిపోయిన చేపను దుకాణానికి తిరిగి ఇవ్వడమో, పెద్ద తొట్టి ఉన్నవారికి అప్పగించడమో చేయాలి. గప్పీతో సహా ఏ అలంకార చేపనూ చెరువులో, కాలువలో, బావిలో వదలరాదు.